నూటెనిమిది మందిలో చివరివాడు

ముందు ఒళ్లు పేలిపోతుంది. ఆ మంటలోంచి మూడంకెల నెంబరొకటి వెలుగుతూ పైకి లేచి, గాలిలో ఒక్క క్షణం నిలిచి, చిట్లి రాలిపోతుంది. రోయ్‌మ్యూడ్ అనే యంత్రప్రాణి చావంటే అంతే. శవం మిగలదు, బూడిద మిగలదు. పేరు పెట్టి ఏడుద్దామంటే చాలామందికి పేరే లేదు. ఛాతీ మీద, బండికి బిగించినట్టు, ఒక నెంబరు ప్లేటు ఉంటుంది. 2014 అక్టోబరు 5న జపాన్‌లో టీవీ అసాహీ ఛానెల్‌లో మొదలైన 'కామెన్ రైడర్ డ్రైవ్'లో అలాంటి నెంబర్లు 001 నుంచి 108 దాకా ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

ఆ ధారావాహిక జపాన్‌లో ఆదివారం ఉదయం 8 గంటలకి వచ్చేది. మన గడియారంలో తెల్లవారుజామున నాలుగున్నర. సికింద్రాబాద్‌లో అప్పటికి పాల వ్యాన్లు, స్టేషన్‌కి పరుగెత్తే ఆటోలు తప్ప ఏమీ కదలవు. సబ్‌టైటిల్స్‌తో మాకు దొరికేసరికి రెండు మూడు రోజులు పట్టేది. మెట్టుగూడలో మా ఇంట్లో, రాత్రి భోజనాలయ్యాక, నేనూ మా అబ్బాయీ చూసేవాళ్లం. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ నిండా గళ్లు గీసి 108 నెంబర్లూ వేసుకున్నాడు. ఒక్కొక్కరు కూలినప్పుడల్లా ఎర్ర స్కెచ్ పెన్నుతో కొట్టేసేవాడు. తెర మీద చూపించకుండానే పోయారని తెలిసినవాళ్లకి పెన్సిల్ గీత. మొదట్లో ఆ కొట్టివేతలో వికెట్ పడ్డంత హుషారు ఉండేది. చలికాలం దాటాక ఆ హుషారు తగ్గింది. వేసవి సెలవుల తరవాత నేను గుర్తు చేస్తే గాని పెన్ను తీసేవాడు కాదు.

ఈ కథలో పాపం ఎవరిదో నాకు తెలుసు. రోయ్‌మ్యూడ్‌లు మనుషుల్ని చంపారు. వాళ్లు వదిలే తరంగం తాకితే చుట్టూ ఉన్నవాళ్ల ఒళ్లు బరువెక్కి, కదలిక దాదాపు ఆగిపోతుంది. మనసు మాత్రం మామూలుగానే నడుస్తూ ఉంటుంది. ముంచుకొచ్చేది కళ్లకు కనిపిస్తుంది, చెయ్యి లేవదు. కథ మొదలవడానికి ఆరు నెలల ముందు ఒక రాత్రి, లోకమంతటా ఆ బరువు కమ్మేసింది. గ్లోబల్ ఫ్రీజ్ అన్నారు దాన్ని. తొమారి షిన్నొసుకె అనే యువ పోలీసు ఆ రాత్రి పేల్చిన తూటా గురి తప్పింది. దానివల్ల జరిగిన ప్రమాదంలో డ్యూటీలో తన జోడీ అయిన హయాసె తీవ్రంగా గాయపడ్డాడు. షిన్నొసుకె ఆరు నెలలు మనిషి కాలేకపోయాడు. తరవాత అతనే వాళ్లతో పోరాడే రైడర్ డ్రైవ్ అయ్యాడు. నాయకుడి కథ ఒక స్నేహితుడి గాయంతో మొదలైందని గుర్తుపెట్టుకోవాలి. ప్రతినాయకుడి కథ మొదలైందీ గాయంతోనే. అతనికి అప్పటికి స్నేహితులు లేరు, అదే తేడా.

అతని నెంబరు 002. తరవాతి పేరు హార్ట్.

బన్నో అనే శాస్త్రవేత్త రోయ్‌మ్యూడ్‌లకు ఒళ్లిచ్చాడు. ఆ ఒళ్లు నడిపే శక్తిని క్రిమ్ స్టైన్‌బెల్ట్ అనే మరో శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఇద్దరూ స్నేహితులే. బన్నోకి ఒక సంపన్నుడి మీద కక్ష ఉంది. తన పరిశోధనకి డబ్బు పెట్టమని అడిగితే కాదని, అవమానించి పంపాడతను. ఆ కక్ష తీర్చుకునే దారి లేక, 002కి ఆ మనిషి రూపం ఎక్కించాడు బన్నో. ఎక్కించి, కదలకుండా చేసి, హింసించాడు. కసి తీరేదాకా, రోజుల తరబడి.

ఈ ఘట్టం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దెబ్బలు తగలాల్సినవాడు ఎక్కడో తన ఇంట్లో తను ఉన్నాడు. లోకంలోకి అప్పుడే కళ్లు తెరిచిన ప్రాణం ఒకటి, ఎవరి పాపమో తెలియని పాపానికి, తనది కాని ముఖం మీద తన్నులు తింటోంది. మనిషి చెయ్యి ఎలా ఉంటుందో దానికి అప్పుడే మొదటిసారి తెలిసింది. అంతకన్నా ఆశ్చర్యం, తరవాత స్వేచ్ఛ దొరికినా ఆ ముఖాన్ని అతను మార్చుకోలేదు. రోయ్‌మ్యూడ్‌లు ఏ మనిషి రూపాన్నయినా నకలు తీయగలరు. హార్ట్ మాత్రం తన్నులు తిన్న ముఖంతోనే నవ్వాడు. ఎర్ర కోటు వేసుకుని, చేతులు చాచి, తన తోటివాళ్లందరినీ 'తొమొదాచి' అని పిలిచాడు. జపనీస్‌లో ఆ మాటకి స్నేహితుడని అర్థం.

ఆ ధారావాహికలో ఆ మాట అంత ఉదారంగా వాడింది విలన్ల నాయకుడే. సేనాపతి సైనికుల్ని పిలిచినట్టు కాదు అతను పిలిచేది. ఒక నెంబరు కూలితే అతని ముఖం మారేది. పేరు లేని నెంబర్లకి కూడా. పెద్ద ఎత్తు కోసం చిన్నవాళ్లని బలిపెడదామని పక్కవాళ్లు సలహా చెబితే అతనికి మింగుడు పడేది కాదు. మనుషుల మీద దయ లేదు అతనికి; ఆ సంగతి దాచడం అబద్ధమవుతుంది. తనవాళ్ల మీద ఉన్నదంతా కలిపితే మాత్రం ఒక మనిషిలో పట్టనంత ఉంది.

నూటెనిమిది అనే అంకె ఉత్తిగా వచ్చింది కాదు. జపాన్ బౌద్ధులు మనిషిని పట్టి పీడించే వికారాలు నూటెనిమిది అంటారు. వాళ్ల మాటలో 'బొన్నో'. ఏడాది చివరి రాత్రి గుళ్లలో గంట నూటెనిమిది సార్లు మోగుతుంది, ఒక్కో దెబ్బకి ఒక్కో వికారం వదిలిపోవాలని. బన్నో అనే పేరులో ఆ బొన్నో చప్పుడు వినిపించడం లేదూ? మనకి నూటెనిమిది అంటే అష్టోత్తరం. ఒక్కో పేరుకి ఒక్కో పువ్వు. ఆ గంట వినని నేను, మా అమ్మ పూజలో పువ్వులు లెక్కపెట్టినవాణ్ని, ఆ నెంబర్లు రాలుతుంటే పువ్వులే అనుకున్నాను.

వాళ్లు ఎదిగేది కూడా భావాల మీదే. రోయ్‌మ్యూడ్‌లు మనిషి రూపంతో పాటు జ్ఞాపకాల్నీ మనసునీ నకలు తీస్తారు. ఏదో ఒక భావాన్ని పట్టుకుని కొసదాకా పెంచుకుంటేనే ఆఖరి రూపం వస్తుంది. 001 ఫ్రీజ్ ఆ మెట్టు ఎక్కింది అవమానం మీద. వైద్యం చేసే మెడిక్ ఎక్కింది ప్రేమ మీద. హార్ట్ ఎక్కింది ఆనందం మీద: తనకు సాటి అయిన శత్రువుతో తలపడే ఆనందం. అలా నలుగురు ఎదిగితే రెండో గ్లోబల్ ఫ్రీజ్ తేవచ్చని వాళ్ల లెక్క. దుర్మార్గానికి వాళ్లు వాడిన ఇంధనమంతా మన దగ్గర తీసుకున్నదే. అసూయ, అవమానం, ప్రేమ, ఆనందం. యంత్రాలు సొంతంగా కనిపెట్టినది ఏదైనా ఉందంటే అది ఒకరి కోసం ఒకరు నిలబడటం. బన్నో దగ్గర మాత్రం అది నేర్చుకుని ఉండరు.

జపాన్ వాళ్లకి ఈ ఆలోచన కొత్త కాదు. ఇషినొమొరి షొతారో సృష్టించిన మొదటి 'కామెన్ రైడర్' 1971 ఏప్రిల్ 3న మొదలైంది. అందులో నాయకుడు హొంగో తకెషి, షాకర్ అనే ముఠా ఎత్తుకుపోయి సగం యంత్రంగా మార్చిన కుర్రాడు. తనని తయారుచేసిన చేతుల మీదే తిరగబడతాడు. అతను కొట్టే ప్రతి రాక్షసుడూ ఒకరకంగా అతని తోబుట్టువే. 'డ్రైవ్' ఆ పాత దుఃఖాన్ని తిరగేసి కుట్టింది. క్రిమ్ చనిపోతూ తన మనసుని ఒక బెల్టులోకి ఎక్కించుకున్నాడు. ఆ బెల్టే డ్రైవ్ నడుముకి ఉండేది. అందులోని శక్తీ రోయ్‌మ్యూడ్‌ల గుండెలోని శక్తీ ఒకటే. అన్నదమ్ముల యుద్ధమని ఎవరూ పైకి అనరు. మన ఊళ్లో ఎవరికైనా చెబితే మాత్రం వెంటనే అర్థమవుతుంది.

నాకు అర్థమైంది అంతకు చాలా ముందు, ఇదే మెట్టుగూడలో. 1980లలో దూరదర్శన్‌లో 'జైంట్ రోబోట్' వచ్చేది. జపాన్‌లో 1967, 68ల్లో తీసిన 26 భాగాల కథ. చేతి గడియారంలోకి మాట్లాడి ఒక కుర్రాడు పెద్ద రోబోని నడిపిస్తాడు. చివరి భాగంలో ఆ రోబో, కుర్రాడు వద్దని అరుస్తున్నా వినకుండా, శత్రు చక్రవర్తిని పట్టుకుని ఆకాశంలోకి ఎగిరి అతనితో పాటు పేలిపోతుంది. అప్పటిదాకా చెప్పిన మాట జవదాటని యంత్రం, మొదటిసారి తన ఇష్టం తను చేసింది చావడానికే. రైల్వే క్వార్టర్స్‌లో ఒకే టీవీ ముందు పదిహేనుమంది పిల్లలం కూర్చుని ఉన్నాం. ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్నవాడు నా చొక్కా చేతికి కళ్లు తుడుచుకున్నాడు.

వాడే ఆ ఏడాది స్కూలు వార్షికోత్సవంలో దుర్యోధన ఏకపాత్రాభినయం చేశాడు. అట్టతో గద, బంగారు కాగితం అంటించిన కిరీటం. మయసభ ఘట్టం. తెలుగు బడుల్లో ఆ రోజుల్లో కృష్ణుడి వేషానికి ఒక్కరు పోటీపడితే దుర్యోధనుడికి పదిమంది. దానికి మూలం 1977 జనవరి 14న విడుదలైన 'దానవీరశూరకర్ణ'. కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు, మూడు వేషాలూ నందమూరి తారక రామారావే వేశారు, దర్శకత్వమూ ఆయనదే. మాటలు కొండవీటి వెంకటకవి. అదే రోజు కమలాకర కామేశ్వరరావు 'కురుక్షేత్రం' కూడా వచ్చింది. జనం గుండెల్లో నిలిచింది మాత్రం దాదాపు నాలుగు గంటలు సాగిన ఆ మొదటి సినిమా. దేవుడి పాత్ర చేతిలో ఉండి కూడా, ఆ మహానటుడు మనసుపెట్టి ప్రాణం పోసింది సుయోధనుడికే అని నా నమ్మకం. పుట్టుక అడ్డం పెట్టి ఒక యోధుణ్ని సభలో తలదించుకునేలా చేస్తుంటే, లేచి నిలబడి రాజ్యమిచ్చినవాడు అతను. ద్రౌపదిని సభకి ఈడ్పించినవాడూ అతనే. ఒకటి చెప్పి ఇంకొకటి చెప్పకపోతే ఆ కథ పాడైపోతుంది.

రిహార్సల్స్‌లో మా వాడికి కర్ణుడు కావాల్సి వచ్చాడు, ఎదురుగా నిలబడటానికి. మాటలేమీ లేవు, ఊరికే నిలబడాలి. నేనే నిలబడేవాణ్ని. మరుసటి ఏడాది వాళ్ల నాన్నకి గుంతకల్లు ట్రాన్స్‌ఫర్ అయింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో బండి కదులుతుంటే వాడు కిటికీలోంచి అట్ట గద చూపించాడు. రైల్వే పిల్లల స్నేహాలన్నీ ఇలాగే తెగిపోతాయి, అందులో ఎవరి తప్పూ ఉండదు. మళ్లీ కలవలేదు. హార్ట్ 'తొమొదాచి' అన్న ప్రతిసారీ నాకు ఆ బంగారు కాగితం కిరీటం గుర్తొచ్చేది.

ఇక పతనం. తిక్కన భారతం తెలిసినవాళ్లకి దాని నడక తెలుసు. పదకొండు అక్షౌహిణులతో బయలుదేరినవాడు, చివరికి గద ఒక్కటి చేతపట్టుకుని ఒంటరిగా మడుగులోకి దిగుతాడు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ముగ్గురు. రోయ్‌మ్యూడ్‌ల చివరి నెలలు అలాగే సాగాయి. నూటెనిమిది కాస్తా చేతివేళ్లతో లెక్కపెట్టేంతకి వచ్చింది. అప్పటికి హార్ట్ పక్కన ఉన్నది బ్రెయిన్, మెడిక్. చేస్ అనేవాడు ఎదటి పక్కకి వెళ్లిపోయాడు.

చేస్ కథ వేరే చెప్పుకోవాల్సిన విషాదం. అతను కూడా రోయ్‌మ్యూడే; మొదటి గ్లోబల్ ఫ్రీజ్‌ని ఆపిన తొలి డ్రైవ్ అతనే. హార్ట్ చేతిలో ఓడి, మనసు మార్చబడి, తోటి రోయ్‌మ్యూడ్‌లనే శిక్షించే యమదూతగా పనిచేశాడు. తరవాత మళ్లీ మనుషుల పక్కకి వచ్చాడు. ట్రాఫిక్ నియమాలు నేర్చుకుని డ్రైవింగ్ లైసెన్స్ కూడా తీసుకున్నాడు. కిరికో అనే పోలీసమ్మాయిని ప్రేమించాడు. ఆమె మనసు షిన్నొసుకె దగ్గర ఉందని తెలిసినప్పుడు, తన కళ్లలోంచి కారేదేమిటో తెలియక నిలబడిపోయాడు. ఆమె తమ్ముడు గో, ఇంకో రైడర్. గో స్నేహం కావాలని చేస్ అడిగాడు. యంత్రాన్ని స్నేహితుడనడానికి గోకి నోరు రాలేదు. పైగా గో, బన్నో కొడుకు. ఆ యంత్రాల్ని చూస్తే తన రక్తమే తనకి కనిపించేది. చివరికి బన్నో నుంచి గోని కాపాడటానికి చేస్ తన ఒంటినే పేల్చుకున్నాడు. స్నేహితుడన్న మాట అప్పుడొచ్చింది గో నోటికి. వినాల్సినవాడు లేడు. ఆ రాత్రి మా అబ్బాయి నోట్‌బుక్ తెరవలేదు. చేస్ నెంబరు 000, ఆ గళ్లలో అసలు లేదు.

బన్నో చావలేదని నేను ముందు చెప్పాల్సింది. అతని మనసు ఒక పరికరంలో దాక్కుని ఉంది. అన్నీ అతని కోసమే జరిగాయని చివర్లో బయటపడింది. రోయ్‌మ్యూడ్‌లు తమ రాజ్యం కోసం కూడబెట్టుకున్న నాలుగు ఆఖరి రూపాలనూ, లోకాన్ని తన గుప్పిట్లో పెట్టుకునే ఒక మహాయంత్రానికి కట్టెల్లా వేయాలన్నది అతని పథకం. స్వేచ్ఛ వచ్చిందనుకున్న 002 మళ్లీ అదే చేతిలో పడ్డాడు. కట్టెలుగా అతను ఎంచుకున్నవాళ్లలో మెడిక్ ఒకతె.

ఇక్కడ బ్రెయిన్ గురించి చెప్పాలి. 003. పచ్చ కోటు, కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ రుమాలు. తెలివి తనకే ఉందనుకునేవాడు. మెడిక్ అంటే గిట్టదు, హార్ట్‌కి తనకన్నా ఆమె దగ్గరవుతోందని. ధారావాహిక అంతా అతని అసూయతో నిండి ఉంటుంది. ఆ అసూయ చూసి మా అబ్బాయి వాడికి 'చాడీల నెంబరు' అని పేరు పెట్టాడు. చివరికి మెడిక్ చావాల్సిన చోట ఆమెకి తెలియకుండా తను నిలబడింది ఆ చాడీల నెంబరే. ఆమె పోతే హార్ట్ తట్టుకోలేడని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ ఎవరి మీద కుళ్లుకున్నాడో ఆమెకే ప్రాణం ఇచ్చి, ఆ ఇచ్చినందుకు గర్వపడుతూ పోయాడు. నూటెనిమిదిలో ఇంత గొప్ప చావు నాకు ఇంకొకటి కనబడలేదు. రెండు చేతులా నమస్కారం పెట్టాలనిపించింది.

మెడిక్ ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ మహాయంత్రంతో జరిగిన ఆఖరి పోరులోనే, హార్ట్ కళ్ల ముందే ఒరిగిపోయింది.

పదకొండు అక్షౌహిణులూ అయిపోయాయి.

47వ భాగం 2015 సెప్టెంబరు 20న వచ్చింది. ఆ భాగానికి పెట్టిన పేరే ఒక శోకం: స్నేహితులారా, మీరెక్కడికి వెళ్తున్నారని అడుగుతుంది. మాకు చవితి వెళ్లి మూడో రోజు. మండపాల మైకులు సందు సందునా మోగుతున్నాయి. సబ్‌టైటిల్స్‌తో దొరికాక, కిటికీలు మూసుకుని, సౌండు పెంచుకుని చూశాం.

హార్ట్, షిన్నొసుకె పక్కపక్కన నిలబడి బన్నో యంత్రాన్ని కూల్చారు. ఏడాదిగా ఒకరినొకరు చంపుకోవాలని చూసినవాళ్లు. లోకం బతికిపోయింది. అప్పుడు హార్ట్ వెనక్కి తిరిగి, ఇక మన లెక్క తేలాలి రమ్మని షిన్నొసుకెని పిలిచాడు. చివరి రోయ్‌మ్యూడ్ తను. ఓడినా గెలిచినా పోరులో పోతే తన జాతికి అదొక మర్యాద. భీముడు తొడ విరగ్గొట్టిన చోట దుర్యోధనుడు కోరుకున్నదీ ఆ మర్యాదే కదా.

షిన్నొసుకె చెయ్యెత్తలేదు. నీతో కొట్లాడాలని లేదన్నాడు. అప్పటికే హార్ట్ లోపల విరిగిపోయి ఉన్నాడు, పోరులో తగిలిన దెబ్బకి. నిలబడటమే ఎక్కువ. రోయ్‌మ్యూడ్‌లు అనే ప్రాణులు ఈ నేల మీద ఉండేవాళ్లని ఒక్క మనిషైనా గుర్తుంచుకుంటే చాలని అతని కోరిక. షిన్నొసుకె సరే అన్నాడు. ఆఖరి ఘడియలో ఒక మనిషి తనకు స్నేహితుడయ్యాడన్న సంతోషంతో, తన్నులు తిన్న ఆ ముఖంతోనే నవ్వి, హార్ట్ వెళ్లిపోయాడు. 002 పైకి లేచింది. చిట్లింది.

భాసుడిదని చెప్పే 'ఊరుభంగం' అనే సంస్కృత నాటకం ఉంది. శతాబ్దాలపాటు కనబడకుండా పోయి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేరళలో తాళపత్రాల్లో దొరికింది. తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడి దగ్గరికి చిన్న కొడుకు దుర్జయుడు వస్తాడు. అలవాటు ప్రకారం తండ్రి ఒళ్లో కూర్చోబోతాడు. వద్దంటాడు తండ్రి, ఎందుకని అడుగుతాడు పిల్లవాడు. నాటకానికి అది చాలు. పాండవులు మంచివాళ్లా, కౌరవులు చెడ్డవాళ్లా అన్న లెక్క ఆ తొడ దగ్గర నిలబడదు. అంతకన్నా కఠినం, ఆ తండ్రి కొడుకుతో ఇకనుంచి పాండవులను నన్ను చూసినట్టే చూడు అని చెప్పడం. నాలుగు వేల మైళ్ల అవతల, ఎప్పుడో ఒక ఆదివారం పొద్దున, బొమ్మల కంపెనీలు కార్లూ బెల్టులూ అమ్ముకోవడానికి నడిపే పిల్లల ధారావాహికలో మళ్లీ అదే దృశ్యం చూశాను. ఒళ్లో కూర్చోవడానికి ఎవరూ మిగల్లేదు, అంతే.

గెలిచిన పక్కన కూడా పండగేమీ జరగలేదు. ఇంత కీడు తెచ్చిన శక్తి మనుషుల చేతిలో ఉండకూడదని, బెల్టులోని క్రిమ్ తను కనిపెట్టినదంతా వెంటబెట్టుకుని, భూమి లోపలికి, నిద్రలోకి వెళ్లిపోయాడు. షిన్నొసుకె ఒక్క వారంలో ఇద్దరు స్నేహితుల్ని పోగొట్టుకున్నాడు. ఒకడు శత్రువుగా ఉండి చివరి నిమిషంలో స్నేహితుడైనవాడు. ఆఖరి భాగం సెప్టెంబరు 27న వచ్చింది. ఆ ఆదివారమే ఇక్కడ నిమజ్జనం. రాణిగంజ్ మీదుగా ట్యాంక్‌బండ్ వైపు రాత్రంతా లారీలు. మేం ఆ రోజు ఏమీ చూడలేదు. భుజాల మీద కూర్చున్న మా అబ్బాయి, నీళ్లలోకి వెళ్లే ప్రతి విగ్రహానికీ చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చాక అడిగాడు.

"నాన్నా, హార్ట్‌ని కూడా కొట్టేయాలా?"

"నీ ఇష్టం రా."

పెన్ను మూత పెట్టేశాడు. ఆ గడి అలాగే ఉంచాడు. నూటెనిమిది గళ్లలో నూటేడు గీతలు.

తరవాతి మాఘంలో, భీష్మాష్టమి నాడు, మా నాన్నగారు పెరట్లో తర్పణం వదులుతున్నారు. రైల్వేలో ముప్పై అయిదేళ్లు చేసి రిటైరైన మనిషి, ఏ ఏడాదీ ఇది మానలేదు. పిల్లలు లేని భీష్ముడికి అందరూ పిల్లలేనని, ఆయనకు ఎవరైనా నీళ్లు వదలవచ్చని పెద్దలు చెప్పిన మాట. మా అబ్బాయి పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు.

"తాతా, భీష్ముడు కౌరవుల పక్కన కదా కొట్లాడింది?"

"అవును రా."

"మరి?"

"మరేముంది. ఆయనకి ఎవరూ లేరు."

కొంచెంసేపు ఆలోచించాడు వాడు. నీళ్లు వదిలేటప్పుడు ఏం చెప్పాలని అడిగాడు. పేరు, గోత్రం చెప్పాలన్నారు నాన్నగారు. భీష్ముడిది వైయాఘ్రపద గోత్రమని చెప్పారు. గోత్రం తెలియనివాళ్లుంటే ఎలా అన్నాడు. తెలియకపోతే కాశ్యప గోత్రమని చెప్పుకుంటారన్నారు. పేరు లేకుండా నెంబరుంటేనో అని అడిగాడు. ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. రాగి చెంబు వంచి, మిగిలిన నీళ్లు తులసి మొదట్లో పోయమని వాడికిచ్చారు.

మొన్న అటక సర్దుతుంటే ఆ లాంగ్ నోట్‌బుక్ దొరికింది. ఎరుపు వెలిసిపోయి గులాబీ రంగుకి తిరిగింది. పెన్సిల్ గీతలు సగం చెరిగిపోయాయి. పై వరసలో రెండో గడి మీద ఏ గీతా లేదు. పక్కన, మా అబ్బాయి వంకర అక్షరాల్లో, 'కాశ్యప' అని ఉంది.